వెట్టిని వెట్టి యని పలికిన పల్లెలు



వెట్టి యను మాట యెరుగనివారు మీలో నుండరు. కొందరి తాతలు దానిని చేసిరి. కొందరి తాతలు చేయించిరి. ఆ రెండు తెగలవారును నేడొకే రచ్చకట్టపై గూర్చుండి ఈ ప్రసంగమును వినుచుండవచ్చును. కావున ఎవరి మనస్సును నొప్పింపక, అట్లని ఏ సంగతిని దాచక, చెప్పుటకు యత్నించెదను.

ఈ మాట చాల పాతది. సంస్కృతమున దీనిని విష్టి యనిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆ పదము కలదు. పారశీకము రాజభాషగా వచ్చిన పిమ్మట బేగారు అనిరి. 1950 జనవరి 26వ తేదీనుండి అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, 23వ అధికరణమున మనుష్యుల వ్యాపారమును, బలవంతపు చాకిరిని నిషేధించుచు, ఇంగ్లీషు ప్రతిలో సైతము బేగారు అను ఈ దేశపు మాటనే యుంచినది. ఆ భాషలో దానికి సరిపోవు పదము దొరకలేదు కాబోలు! నేడు లోకమున దీనినే ఆధునిక దాస్యమని పిలుచుచున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థవారు మరికొందరితో గలిసి 2022లో ప్రకటించిన అంచనా ప్రకారము, 2021లో భూమిపై సుమారు 5 కోట్లమంది అట్టి స్థితిలో నుండిరి. అందు 2 కోట్ల 76 లక్షలమంది బలవంతపు చాకిరిలో జిక్కినవారు. తక్కినవారు బలవంతపు పెండ్లిండ్లలో జిక్కినవారు.

ఇంత పెద్ద లెక్క చెవిని బడినపుడు, అది యెవరిదో, ఎక్కడిదో యని తోచుట సహజము. అందుచేత లోకపు లెక్కను వదలి, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల కథనే చెప్పెదను. ఇచట వెట్టి యెంత ఘోరముగా నుండెనో వర్ణించుట నా ముఖ్యోద్దేశము కాదు. అది అన్యాయమను సంగతి పదిమందికి ఎట్లు తెలిసెను, ఎవరు తెలిపిరి, ఏ సాధనములతో తెలిపిరి అనునదియే నేటి ప్రస్తావన. ఏలయనగా, ఆ సాధనములలో పెక్కు నేటికిని మన చేతులలోనే యున్నవి.

ఈ మూడు పేర్లును జిల్లాలుగా నేర్పడినది 2016 అక్టోబరు 11న. నిజాము ప్రభుత్వకాలమున జనగామ నల్లగొండ జిల్లాలోని తాలూకా. మానుకోట యని మనము పిలుచు మహబూబాబాదు వరంగల్లు జిల్లాలోనిది. భూపాలపల్లి వైపు పరకాల, ములుగు తాలూకాల అడవిసీమ. పేర్లు వేరైనను పల్లెల బ్రతుకు ఒక్కటే. పైన ప్రభుత్వము, దాని క్రింద దేశ్‌ముఖులు, జాగీరుదారులు, మక్తాదారులు; ఊరిలో పటేలు, పట్వారి; అందరి క్రిందను పనిచేయువాడు.

ఆ పనిచేయువాని దినచర్య యెట్టిదో కొంచెము చెప్పవలెను. మాదిగవాడు గడీకి చెప్పులు కుట్టి యియ్యవలెను. మోటబొక్కెనకు తోలు సిద్ధపరుపవలెను. చాకలివాడు గడీ బట్టలుతుకుటయే గాక, వచ్చిన బంధువులకు, అధికారులకు పరుపులు వేయవలెను. కుమ్మరి కుండలు, గౌండ్లవాడు కల్లు, గొల్లవాడు మేక, సాలెవాడు బట్ట, కోమటి ఉప్పుపప్పులు ఊరకే గాని, ఊరకనే యనదగిన ధరకు గాని యియ్యవలసినదే. తహసీలుదారో గిర్దావరో దౌరాకు వచ్చిన దినమున ఊరికి ఊరే పని వదలుకొనవలెను. కట్టెలు, పాలు, నేయి, కోళ్లు సమకూర్చి, వారి సామానును తలపై నిడికొని పక్క ఊరి పొలిమేరవరకు మోయవలెను. దొర యిచ్చిన చీటిని అర్ధరాత్రి యైనను ఆమడ దూరము కొనిపోవలెను. దీనికి ప్రతిఫలముగా కొందరికి కొద్ది గుంటల ఇనాము భూమి యుండెడిది. ఆ భూమిని చూపియే, వారికి ఊరకే చేయించుట లేదని పెద్దలు వాదించెడివారు. ఆ ఇనామును సాగుచేసికొనుటకు వారికి తీరిక యెప్పుడు దొరకెనో యా పెద్దలు చెప్పలేదు. ఇక గడీలోపలి ఆడువారి సంగతి. దొరబిడ్డ అత్తవారింటికి పోవునపుడు వస్తువులతోపాటు వెంట బంపబడిన దాసీలుండిరి. వారిని ఆడబాపలనిరి. వారికి తమదను ఇల్లు లేదు, తమదను సంసారము లేదు. ఇంతకుమించి ఆ మాట నిచట పొడిగింపను.

వెట్టి ఊరి కట్టుబాటు పేర నడచినది. దానికి తోడుగా అప్పు పేర నడచినది భగేలా. పెండ్లికో, చావుకో, కరవునాటి గింజలకో పెద్దయింట అప్పు తెచ్చినవాడు, అది తీరువరకు ఆ యింట జీతమునకు కుదురును. అప్పు ఎంతయో వానికి తెలియదు. కాగితము వాడు చదువలేడు. ఏడాది చివర లెక్క చూచినచో బాకీ పెరిగియుండునే గాని తరుగదు. జ్వరము వచ్చి పనిమానిన దినములు, విరిగిన నాగలి, తప్పిపోయిన యెద్దు అన్నియు ఆ లెక్కలోనికే పోవును. తండ్రి కన్నుమూసిన కొడుకు ఆ స్థానమున నిలువవలెను. నిజాము ప్రభుత్వము 1936లో భగేలా ఒప్పందములను నియమబద్ధము చేయుచు ఒక శాసనము చేసినది. చట్టము హైదరాబాదులో నుర్దూ భాషలో పుట్టినది. భగేలా మనిషి పల్లెలో తెలుగు పలుకుచు పుట్టినవాడు. వీరిరువురును కలిసికొనుటకు దారియే లేకుండెను.

ఆ దారి వేసినవారెవరను ప్రశ్నకు, నా యభిప్రాయమున, మొదట చెప్పదగినవారు పెద్ద నాయకులు కారు; అచ్చుకాగితమును చేతబట్టి గట్టిగా చదివినవారు. అయినను కథ ఒక సభతో మొదలైనది. 1921 నవంబరులో హైదరాబాదు నగరమున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావను న్యాయవాది తెలుగున మాటలాడబోగా, కొందరు చప్పట్లు చరచి యెగతాళి చేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజన సంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావు దానికి ప్రాణమువంటివాడు. 1923లో హనుమకొండలో దాని కేంద్రసంఘము సమావేశమైనది. భాషాభిమానముతో బయలుదేరిన యీ పెద్దమనుష్యులు, పల్లెలకు పోయి తెలుగున నడిగిన ప్రతిచోటను వెట్టి మాటనే వినిరి.

అపుడు వారు చేసిన పని మిక్కిలి చిన్నది, మిక్కిలి తెలివైనది. ప్రభుత్వమును దూషింపలేదు. అధికారులు దౌరాలలో సరకులకు ధర చెల్లింపవలెననియు, కూలి లేక పని చేయింపరాదనియు ప్రభుత్వమే అప్పుడప్పుడు గస్తీలు వెలువరించియుండెను. ఆ యుత్తరువులు కచ్చేరీల అరలలో నిద్రించుచుండెను. సంఘమువారు వానిని సంపాదించి, చిన్న పుస్తకములుగా తెలుగున అచ్చువేసి పంచిరి. వర్తకుల కష్టములపై ఒకటి, వెట్టిపై ఒకటి. కోమటి యొకడు ఆ పుస్తకమును దుకాణములో నుంచుకొని, అధికారి బంట్రోతు వచ్చినపుడు చూపి, ధర యిచ్చిననే సరకని చెప్పగలిగెను. ఇచట నొక చేదు నిజమును గూడ చెప్పవలెను. ముందు విన్నపములు వర్తకులవి. వారు చదువరులు గనుక వారి మాట ముందు వినబడెను. మాదిగవాని మాట, చాకలిదాని మాట వినబడుటకు మరి యిరువది యేండ్లు పట్టెను. ఎవని నోట అక్షరమున్నదో వాని కష్టమే ముందు వెలుగులోనికి వచ్చుట అన్ని కాలములందును గలదు.

అచ్చుపనియందు మానుకోట తాలూకాకు గొప్ప పేరు గలదు. అచటి ఇనుగుర్తి గ్రామమునుండి 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. ఒక పల్లెలో అచ్చుయంత్రము నిలిపి, వారపత్రికను ముద్రించి, తపాలాలో ఊరూరికి పంపుట ఆ దినములలో ఎంతటి సాహసమో యోచింపుడు. ఆ యేడే నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావు నీలగిరి పత్రికను ప్రారంభించెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వచ్చెను. అప్పటి పల్లెలలో నూటికి పదిమంది చదువరులైనను లేరు గదా, పత్రికలెవరికని మీరడుగవచ్చును. పత్రికను ఒకడు చదివెడివాడు, ఇరువదిమంది వినెడివారు. సభ జరుపవలెనన్న ముందుగా ననుమతి పొందవలెనను గస్తీ నిషాన్ 53 అమలులో నున్న దినములలో, గ్రంథాలయపు అరుగు మీద పత్రిక చదువుట సభ కాదు గదా! హనుమకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904 నాటిది. దానిని జూచి ఊరూర వెలసిన చిన్న గ్రంథాలయములు ఇట్టి పనికే యుపకరించినవి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకముల సంచి భుజమున వేసికొని ఊరూర దిరిగి యమ్మెను. ఆయన బాల్యమున ఇతరుల యిండ్లలో వంటపని చేసినవాడు. చాకిరి యనగా నేమో పుస్తకములవలన నేర్చుకొనవలసిన యక్కర ఆయనకు లేకుండెను.

1930లో జోగిపేటలో ప్రారంభమైన ఆంధ్రమహాసభ తీర్మానములు చేసినది, వినతులు పంపినది. 1944లో భువనగిరి సభ తరువాత సభ్యత్వ రుసుము ఒక్క అణా యయ్యెను. అణా యిచ్చి చీటి తీసికొన్నవాడు సంఘమువాడే. ఇది చిన్న మార్పుగా గనబడును గాని, జనగామ తాలూకాలో దీనివలన జరిగినది చిన్నది కాదు. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డికి 40,000 ఎకరములుండెనని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసియున్నాడు. అట్టివాని యెదుట ఒంటరిగా నిలుచువాడు నిలువలేడు. చీటిగల వందమంది నిలువగలరు.

పాలకుర్తిలో చాకలి యైలమ్మ మల్లంపల్లి మక్తాదారుని భూమిని కౌలునకు దీసికొని పంట పండించెను. చాకలిది సేద్యము చేయుటయే గడీకి గిట్టలేదు. ఆమె యింట సంఘము కార్యాలయముండుట మరియు గిట్టలేదు. పంటను గోసికొనిపోవ దేశ్‌ముఖు మనుష్యులు రాగా, సంఘమువారు తామే కోసి, ధాన్యమును ఆమె యింటికి జేర్చిరి. అచట నుండి కొద్ది దూరముననే యున్న కడవెండిలో 1946 జూలై 4న ఊరేగింపుగా పోవుచున్న జనముపై గడీనుండి తుపాకులు ప్రేలెను. దొడ్డి కొమురయ్య నేలగూలెను. ఆ పిమ్మట జరిగిన సాయుధపోరాటము, 1948 సెప్టెంబరు పోలీసు చర్య, 1951లో పోరాట విరమణ ఇవన్నియు వేరు ప్రసంగములకు దగిన సంగతులు.

కాని తుపాకులకు ముందు జరిగిన మార్పు నొకదానిని చరిత్రకారులు తక్కువగా చెప్పుదురు. “నీ బాంచెన్ దొరా, కాల్మొక్త” అను మాట మన నోళ్లలో పలుకరింపుగా నుండెడిది. బాంచె యనగా దాసి. మనుష్యుడు నోరు తెరచినంతనే తాను దాసుడనని చెప్పుకొనుట అలవాటైనచో, దాస్యము దాస్యమువలె గనబడదు. గాలివలె, ఎండవలె నుండును. సంఘపు కార్యకర్తలు ఆ మాటను మానుడని ఊరూర చెప్పిరి. చీటి తీసికొన్నవాడు చేయవలసిన మొదటి పని నాలుకను దిద్దుకొనుట. ఖర్చు లేని పని. అయినను దానికి కావలసిన ధైర్యము తక్కువది కాదు.

చదువురాని చెవులకు అందినది పాట. జనగామ సీమ యొగ్గుకథకు, చిందు యక్షగానమునకు పుట్టినిల్లువంటిది. అట్టి శ్రోతలకు పాట చాలును. విసునూరు దొరతనముపై యాదగిరి కట్టిన పాట ఊరూర మారుమ్రోగెను. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీలను, బుర్రకథను చేపట్టెను. పసులగాయుటకు జీతమునకు కుదిర్చిన పిల్లవానిపై ఆయన రచించిన పాట నేటికిని మీలో ననేకులకు కంఠస్థము. దానిని పాడుకొనువారిలో ఎంతమంది యింట నొక జీతపు పిల్లవాడుండెనో యని నేనప్పుడప్పుడు తలపోయుదును.

సామాన్యులు ఇట్లు చిన్న పనులతో దాస్యమును కదల్చుట మన పల్లెలకే చెల్లినది కాదు. 1787లో లండను నగరమున పండ్రెండుగురు గూడి బానిసవ్యాపారమునకు వ్యతిరేకముగా ఒక సంఘము పెట్టిరి. 1791లో పార్లమెంటు వారి కోరికను త్రోసిపుచ్చగా, ఇంగ్లండు దేశపు గృహిణులు బానిసల చెమటతో పండిన చక్కెరను తేనీటిలో వేసికొనుట మానిరి. మరుసటి యేడు ఊరూరనుండి 519 వినతిపత్రములు పార్లమెంటును జేరెను. 1807లో బానిసల వ్యాపారము, 1833 శాసనముతో వలసలలోని బానిసత్వము నిషేధింపబడెను. అయితే ఆ 1833 శాసనము ఈస్టిండియా కంపెనీ యేలుబడిలోని మన దేశమునకు వర్తింపలేదు. ఇచటికి 1843లో 5వ ఆక్టు వచ్చెను. అదియు నిజాము రాజ్యమునకు రాలేదు. చక్కెర మానిన తల్లులకు మన మోటబావుల సంగతి తెలియదు. ఎవరి గడపయొద్ది సంగతిని వారే చూచుకొనవలసియుండును.

స్వతంత్రభారతమున చట్టము కొఱత లేదు. 1975 అక్టోబరు 25నుండి వెట్టిచాకిరి పద్ధతి దేశమంతట రద్దయినది. 1976లో దానిని పార్లమెంటు చట్టముగా జేసినది. దానిలోని ముఖ్యాంశములను పెద్దలు మనస్సున నుంచుకొనదగును. బయానా తీసికొన్నందుకు గాని, తండ్రి చేసిన అప్పునకు గాని, పుట్టిన కులమును బట్టి గాని యొకడు మరియొకనికి పనిచేయవలసి వచ్చి, తనకిష్టమైన చోటికి పోవుటకు, వేరు పని చూచుకొనుటకు, తన పంటను తగిన ధరకు అమ్ముకొనుటకు వీలు లేనిచో అది వెట్టియే. అట్టి బాకీ చట్టమువలన పూర్తిగా కొట్టివేయబడినది. వసూలు చేయుట నేరము. అది వెట్టి బాకీ కాదని నిరూపింపవలసిన భారము అప్పిచ్చినవానిది, పనివానిది కాదు. వెట్టి చేయించినవానికి మూడేండ్లవరకు ఖైదు.

1982లో సుప్రీముకోర్టు మరియొక మెట్టు ముందునకు పోయినది. ఢిల్లీలో ఏషియా క్రీడల కట్టడములలో పనిచేసిన కూలీలను గూర్చిన వ్యాజ్యెములో, కనీసవేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొన్న పనియు బలవంతపు చాకిరియే యనియు, సంకెల మాత్రమే గాక ఆకలి కూడ బలవంతమే యనియు తీర్పు చెప్పినది. హర్యానాలోని ఫరీదాబాదు రాతిగనుల కార్మికులను గూర్చి ఒక సంస్థ న్యాయమూర్తికి వ్రాసిన యుత్తరమునే వ్యాజ్యెముగా స్వీకరించి, 1983లో వారికి న్యాయము చెప్పినది. ఒక్క యుత్తరము! ఇనుగుర్తి సోదరుల నాటి తపాలాబిళ్ల విలువ నేటికిని తగ్గలేదు.

ఇంత చట్టముండగా వెట్టి యెక్కడనని మీరడుగుదురు. గడీ కూలినది గాని బయానా కూలలేదు. కార్తికమాసము దాటగానే ఒడిశా రాష్ట్రములోని బలంగీరు, నువాపడా జిల్లాలనుండి సంసారములు మూటలు గట్టుకొని మన రాష్ట్రపు ఇటుకబట్టీలకు దిగును. వారి ఊరిలోనే సర్దారు బయానా యిచ్చియుండును. భర్త, భార్య, పిల్లలు గలిసి మట్టి పిసికి, అచ్చుపోసి, ఆరబెట్టి ఆ బాకీ తీర్పవలెను. 2017 జనవరిలో జనగామకు పొరుగుననున్న యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక బట్టీనుండి సుమారు 200 మంది పిల్లలను పోలీసులు విడిపించిరి. వారిలో నెక్కువమంది పదునాలుగేండ్ల లోపువారు. ఆ బట్టీ అడవిలో లేదు. దాని పొగ ఊరివారికి గనబడుచుండెను.

అడవివైపు చూచినచో, మిరపకాయలు తెంపు కాలమున ఛత్తీస్‌గఢ్ నుండి ఆదివాసీ కూలీలు గోదావరి దాటి వత్తురు. 2020లో కరోనా కట్టడి విధించిన పిమ్మట, ములుగు జిల్లా పేరూరు చేలలో పనిచేసిన పండ్రెండేండ్ల బాలిక, తోటివారితో కాలినడకన అడవిదారిని బీజాపూరు జిల్లాలోని తన యూరికి బయలుదేరి, ఇల్లు కొద్ది దూరమున నుండగా ఏప్రిల్ 18న మరణించెను. 2019వరకు ములుగు భూపాలపల్లి జిల్లాలోనిదే. కాబట్టి ఇది మన యింటి సంగతియే. ఆమెను ఎవరైన నిర్బంధించిరని నేననను. పండ్రెండేండ్ల పిల్ల బడిలో గాక పొరుగు రాష్ట్రపు చేనిలో ఏల నున్నదని ముందుగా నడుగవలసిన ప్రశ్నను, మరణవార్త వచ్చిన పిదప నడిగితిమి. మన బిడ్డలును గల్ఫు దేశములలో పాస్‌పోర్టును యజమానికి అప్పగించి, తిరిగిరాలేక అవస్థపడినవారు గలరు గదా. వారిని గూర్చి కంటనీరు పెట్టుకొను మనము, మన చేనికి వచ్చిన పరదేశి కూలివాని యాధారుకార్డు ఎవరి పెట్టెలో నున్నదో కనుగొనవలదా?

ఇక పెద్దలుగా మీకు సాధ్యమైన పనులను గూర్చి. మీరు సభలు పెట్టనక్కరలేదు. సంఘమువారు గస్తీలను చదివినట్లే, 1976 చట్టపు ముఖ్యాంశములను తెలుగున ఒక కాగితముపై వ్రాయించి గ్రామసభలో ఏడాదికొకసారి చదివించినచో చాలును. మేడారము, కురవి జాతరలకు పోవు జనము ఎట్లును పాటలు వినును; ఒగ్గుకథ చెప్పువానికి మంచి భోజనము పెట్టి, నడుమ నీ సంగతి నొక పిట్టకథగా చెప్పుమని కోరవచ్చును. బడి పంతులును పిలిచి, పండుగ పిదప బడికి రాని పిల్లల పేర్లడుగుడు. బట్టీకో, చేనికో కొత్తగా వచ్చినవారితో నాలుగు మాటలాడుడు. బయానా యెంత తీసికొంటిరి? కూలి లెక్క యెవరు వ్రాయుచున్నారు? సంతకు పోవుటకు అడ్డు లేదుగదా? జ్వరము వచ్చిననాడు ఏమగును? భాష రాకున్నను పిల్లలు త్వరగా తెలుగు నేర్తురు, వారే చెప్పుదురు.

ఒక్క విషయమున మాత్రము మీయెడ చనువు తీసికొని గట్టిగా చెప్పవలసియున్నది. పనివానికి, యజమానికి తగవు వచ్చినపుడు మనయూళ్లలో పంచాయతి పెట్టుట ఆచారము. పెద్దమనుష్యులు గూర్చుండి, ఇరువైపుల మాటలు విని, “బాకీలో సగము తీర్చి పొమ్ము” అని తెంపుదురు. మంచి మనస్సుతోనే తెంపుదురు. కాని చట్టము కొట్టివేసిన బాకీలో సగమును నిలుపుటకు పంచాయతికి అధికారమెక్కడిది? ఆ సగము తీర్చుటకు వాడు మరియొక బట్టీలో బయానా తీసికొనును. నాడు గడీ చావడిలో జరిగిన తీర్పులును చాలవరకు ఇట్టివే. కావున ఇట్టి తగవు మీ యెదుటికి వచ్చినచో, దానిని తెంపకుడు, పైకి పంపుడు. అట్లని ముందుగా పోయి యజమానిని నిలదీయుటయు మంచిది కాదు. రాత్రికి రాత్రే లారీ వచ్చి కూలీలను వేరొక తావునకు కొనిపోవును.

పైకి పంపుట యనగా కలెక్టరునకో, రెవిన్యూ డివిజను అధికారికో వ్రాయుట. ఎన్ని కుటుంబములు, ఏ రాష్ట్రము, ఏ బట్టీ, ఎవరు తెచ్చిరి, బయానా యెంత, పిల్లలెందరు అని పది పంక్తులు చాలును. తేదీ వేసి, నకలు నుంచుకొనవలెను. అత్యవసరమైనచో 112, పిల్లల విషయమైనచో 1098, స్త్రీల విషయమైనచో 181 అను సంఖ్యలకు ఫోను చేయవచ్చును. చట్టము ప్రకారము జిల్లాకు, డివిజనుకు విజిలెన్సు కమిటీలుండవలెను. జిల్లా కమిటీలో ఆ జిల్లాలోనే నివసించు షెడ్యూల్డు కులముల, తెగలవారు ముగ్గురు, సంఘసేవకులిద్దరు సభ్యులు. మీ జిల్లాలో వారెవరో కలెక్టరు కచ్చేరిలో నడుగుడు. పేర్లడిగినంతమాత్రముననే నిద్రించు కమిటీలు కొంత మేలుకొనుట కద్దు.

విడిపించిన పిమ్మటి సంగతియే చాలమందికి తెలియనిది. వెట్టినుండి విడుదలైనవానికి అధికారి విడుదల ధ్రువపత్రము నియ్యవలెను. ఆ కాగితము లేనిదే బాకీ కొట్టివేతకు సాక్ష్యము లేదు, సహాయమును రాదు. 2016 పథకము ప్రకారము వయోజనుడైన పురుషునికి 1 లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, మిక్కిలి ఘోరమైన స్థితినుండి విడిపింపబడినవారికి 3 లక్షల రూపాయల పునరావాస సహాయము గలదు. ఈ మొత్తమునకు నేరనిరూపణ ముడిపడియుండుటచే ఆలస్యము తప్పదు. అందుకే తక్షణ సహాయముగా 30,000 రూపాయలవరకు వెంటనే యిచ్చు నేర్పాటున్నది. తరచు జరుగునదేమనగా, విడిపించిన దినముననే కూలీలను బండి యెక్కించి స్వగ్రామములకు బంపివేయుదురు. ధ్రువపత్రము తరువాత వచ్చునందురు. అది రాదు. సర్దారు మాత్రము వారి వెనుకనే ఆ యూరికి బోయి బాకీ యడుగును. మానుకోట స్టేషనులోనో, జనగామ స్టేషనులోనో అట్టి సంసారము మూటలతో కూర్చుండి యున్నదని మీకు తెలిసినచో, బండి రాకముందే పోయి, పేరు పేరున ఒక్కొక్కరికి ఆ కాగితము చేతికి వచ్చినదా యని యడిగి చూడుడు. రానిచో, బండిని వదలి తహసీలుదారుని కచ్చేరికి వారిని మీరే తోడ్కొని పోవుడు.